మామూలు కప్పే కదా!

చెట్టుకప్ప కోసం ఆవేదన అంటే మీకు నవ్వొస్తోంది కదూ?

నవ్వండి. గజం ధర నెలనెలా పెరిగే ఊళ్లో, విమానాల చప్పుడు వినిపించే ప్రతి ఎకరమూ వెంచర్ అయిపోతున్న చోట, కప్ప గురించి మాట్లాడేవాడు తిక్కలోడిలాగే కనిపిస్తాడు.

"మామూలు కప్పే కదా! అంతరించిపోతోందా ఏమన్నా?"

ఇదే కదా మీ మాట? చదువుకున్నవాళ్లయితే ఇంకో మాట కూడా కలుపుతారు. "ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో దానికి ముప్పే లేదని రాశారు, చూసుకోండి" అంటారు. పెద్ద సాక్ష్యం దొరికినట్టు.

చూశాను. అదే జాబితాలో దాని దాయాది పేరు కూడా చూశాను. మీరు చూశారా?

రెండు కప్పలు. ఒకే ప్రజాతి. ఒకదానికి ముప్పు లేదని రాసి ఉంది. రెండోదానికి ఉందని రాసి ఉంది. రెండింటికీ మనం చేసింది మాత్రం ఒకటే. అందుకే ఈ కోపం.

మొదటిది మన చెట్టుకప్ప. శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో పాలీపెడేటిస్ మాక్యులేటస్. 1830లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దీనికి శాస్త్రనామం పెట్టాడు. మన దేశంలో చాలా రాష్ట్రాల్లో, శ్రీలంకలో, నేపాల్‌లో, బంగ్లాదేశ్‌లో బతుకుతోంది. వానాకాలం రాత్రి బాత్‌రూం గోడకు, నీళ్ల ట్యాంకు మూత కింద, కిటికీ చువ్వకు అతుక్కుని కనిపించే గోధుమరంగు కప్ప ఇదే. కాలివేళ్ల కొసల్లో గుండ్రటి మెత్తలుంటాయి. నున్నటి గోడ మీద కూడా జారదు. మీ ఇంట్లో చీపురు దెబ్బలు తినేది ఇదే. ఎర్ర జాబితాలో దీన్ని ఏ దిగులూ అక్కర్లేని జీవుల వరసలో పెట్టారు.

రెండోది పాలీపెడేటిస్ ఇన్సులారిస్. నికోబార్ చెట్టుకప్ప. 1995లో ఇంద్రనీల్ దాస్ గ్రేట్ నికోబార్ దీవి నుంచి దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు. ఆ దీవుల్ని దాటితే ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల వరసలో పెట్టారు.

ఇప్పుడు మీ లెక్క ప్రకారమే మాట్లాడుకుందాం.

ముప్పు లేనిదాన్ని వదిలేయొచ్చు అన్నారు. సరే. మరి ముప్పు ఉన్నదాన్ని కాపాడాలి కదా? ప్రమాదంలో ఉందని రాసి పెట్టిన కప్ప కోసం మీ గుండె కొట్టుకోవాలి కదా?

కొట్టుకుందా?

2021 జనవరిలో గ్రేట్ నికోబార్‌లోని గలాథియా బే అభయారణ్యం హోదా తీసేశారు. 2022 అక్టోబర్‌లో 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని మళ్లించడానికి తొలి దశ అనుమతి ఇచ్చారు. నవంబర్‌లో పర్యావరణ అనుమతి కూడా వచ్చేసింది. అక్కడేం కడతారో తెలుసా? కంటైనర్ల ఓడరేవు, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రం, ఇంకా ఒక అంతర్జాతీయ విమానాశ్రయం. అప్పుడు చెప్పిన ఖర్చు 72,000 కోట్లు. 9.64 లక్షల చెట్లు పోతాయని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. మొత్తం దీవి వైశాల్యం 900 చదరపు కిలోమీటర్ల చిల్లర. అంటే ఏడో వంతు అడవి. బదులుగా మొక్కలు ఎక్కడ నాటుతారట? హర్యానాలో!

నికోబార్ వానల్లో, దీవి అడవిలో, ఆ ఆకుల తడిలో బతికే కప్పకు హర్యానాలో మొక్కలు నాటుతారు. చదివి మీరేమన్నారు? ఏమీ అనలేదు. అసలు చదవలేదు.

ఆ తీరపు తాబేళ్ల కోసం కొందరు అరిచారు. ఆ దీవి ఆదివాసీలు షోంపెన్ జనం కోసం కొందరు అరిచారు. వాళ్లకు దండం. ఆ అరుపుల్లో చెట్టుకప్ప పేరు మీరెక్కడైనా విన్నారా? టీవీ చర్చలో? మీ వాట్సాప్ గ్రూపులో? ఒక్కసారైనా?

"అది ఎక్కడో సముద్రం మధ్యలో ఉంది, మనకేం తెలుసు?"

అదీ అసలు మాట. అరుదైన కప్ప ఎక్కడో ఉంది కాబట్టి పట్టదు. మామూలు కప్ప ఎక్కడైనా ఉంటుంది కాబట్టి పట్టదు. మరి ఏ కప్ప పడుతుంది మీకు? ఎంత దూరంలో ఉంటే పడుతుంది? ఎన్ని మిగిలితే పడుతుంది?

జాబితా మీద తప్పు లేదు. జాబితా తన పని తాను చేసింది. ఒక జాతి మొత్తంగా, దేశాలన్నీ కలిపి, ఎంత పెద్ద మేర బతుకుతోందో, ఎంత వేగంగా తగ్గుతోందో చూసి మెట్టు నిర్ణయిస్తుంది. హైదరాబాద్ శివార్లలోని జల్‌పల్లి చెరువు ఎండితే ఆ మెట్టు మారదు. బాలాపూర్ చెరువు పూడ్చినా మారదు. శంషాబాద్ మండలంలో ఒక్క కప్ప మిగలకపోయినా మారదు. శ్రీలంకలో ఉన్నాయిగా! నేపాల్‌లో ఉన్నాయిగా! కాగితం మీద ముప్పు లేనిది ముప్పు లేనట్టే ఉంటుంది. మీ ఊళ్లో మాత్రం ఉండదు.

మీ ఊరి చెరువు బతికుందో లేదో స్విట్జర్లాండ్‌లో ఉన్న ఐయూసీఎన్ సంస్థ వచ్చి చెప్పాలా?

చెట్టుకప్ప ఎక్కడ పుడుతుందో తెలుసా మీకు? తెలిస్తే నా కోపం సగం అర్థమవుతుంది.

అది నీళ్లలో గుడ్లు పెట్టదు. నీటికి పైన పెడుతుంది. తొలి వానలు పడ్డాక రాత్రిపూట చెరువు అంచుకు చేరుతుంది. నీటి మీదికి వంగిన కొమ్మకో, తుంగకో, రాతికట్టుకో, బావి లోపలి గోడకో పట్టుకుంటుంది. ఆడకప్ప ఒంట్లోంచి వచ్చే ద్రవాన్ని వెనక కాళ్లతో చిలికి నురుగు చేస్తుంది. ఆ నురుగులో వందల గుడ్లు. పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల తడి ఆరదు. కొన్నాళ్లకు తోకకప్పలు ఆ నురుగులోంచి జారి సరిగ్గా కింద ఉన్న నీళ్లలో పడతాయి. పడాల్సిన చోట నీళ్లు లేకపోతే చస్తాయి. కట్టుకోవాల్సిన చోట కొమ్మ లేకపోతే గూడే లేదు. నికోబార్ దాయాది వంశంలోనూ ఇదే పద్ధతి. పాలీపెడేటిస్ కప్పలన్నీ నురుగు గూళ్లే కడతాయి.

అంటే దాని బతుకంతా చెరువు అంచులో ఉంది. నీరూ నేలా కలిసే ఆ సన్నటి పట్టీలో ఉంది.

ఆ పట్టీని ప్రభుత్వ కాగితాల్లో ఏమంటారో మీకు బాగా తెలుసు. బఫర్ జోన్. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లుండే హద్దు నుంచి 30 మీటర్లు. అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు. అక్కడ కట్టడాలు కూడదు.

కప్పకు కావలసింది సరిగ్గా అదే. పులిలాగా చదరపు కిలోమీటర్ల కొద్దీ అడవి అడగలేదు. ఏనుగులాగా దారి వదలమనలేదు. చట్టం ఎప్పుడో వదిలేసిన 9 మీటర్లు, 30 మీటర్లు. అంతే!

అది కూడా మిగిల్చారా?

జల్‌పల్లి నుంచి శంషాబాద్ దాకా ఒకసారి కళ్లు తెరిచి తిరగండి, రాత్రికి రాత్రి లారీల్లో మట్టి తోలి శిఖం భూమిని చదును చేసినవాళ్లు, కూలగొట్టిన ఇళ్ల సిమెంటు పెళ్లల్ని చెరువు అంచున గుట్టలు పోసినవాళ్లు, వాన నీళ్లు వచ్చే నాలాను మూసేసి మురుగు కాలువను మాత్రం శ్రద్ధగా చెరువులోకి తిప్పినవాళ్లు, కాటేదాన్ పరిశ్రమల రసాయనాల మురుగు నూర్ మహ్మద్ కుంటలోకి ఏళ్ల తరబడి పోతుంటే ఫైళ్లు కదిపి కదపనట్టు ఊరుకున్నవాళ్లు, తుక్కు కేబుళ్లు కాల్చి రాగి తీసుకుని బూడిదను గట్టు మీద పారబోసినవాళ్లు, ఎఫ్‌టీఎల్ రాళ్లను పీకి పది అడుగులు లోపల పాతినవాళ్లు, నోటరీ కాగితం మీద చెరువునే గజాల లెక్కన అమ్మినవాళ్లు, అమ్మింది చెరువని తెలిసీ కరెంటు మీటరు ఇచ్చినవాళ్లు, ఇంటి నంబరు ఇచ్చినవాళ్లు, రోడ్డు వేసి శిలాఫలకం కట్టి కొబ్బరికాయ కొట్టినవాళ్లు, ఎండాకాలం కట్ట మీది తుంగకూ తుమ్మకూ నిప్పు పెట్టినవాళ్లు, సుందరీకరణ పేరుతో అంచు చుట్టూ రాతిగోడ కట్టి నడకదారి వేసి రంగు లైట్లు బిగించి నీటి మీదికి వంగే ఒక్క కొమ్మ కూడా లేకుండా నరికి పారేసినవాళ్లు, దోమలు పెరిగాయని మందు పొగ కొట్టి దోమల్ని తినే పురుగునూ కప్పనూ కూడా తరిమినవాళ్లు, వినాయకుణ్ణీ ఇంటి చెత్తనూ ఒకే చెరువులో కలిపి ఒకే దండం పెట్టి వచ్చినవాళ్లు, ఇవన్నీ కళ్లెదుటే జరుగుతుంటే కారు అద్దం ఎక్కించుకుని, ఏసీ పెంచుకుని, వాసన రాకుండా ముక్కు మూసుకుని, ఫ్లైటు టైము అవుతోందని ఎయిర్‌పోర్టు వైపు దూసుకుపోయినవాళ్లు.

ఈ వరసలో మీరెక్కడున్నారు?

చివర్లో ఉన్నానని సంతోషపడకండి. చివర్లో ఉన్నవాళ్లే ఎక్కువమంది.

నాకు శంషాబాద్ విమానాశ్రయం మీద కోపం అనుకుంటున్నారా? లేదు. దాదాపు 5,500 ఎకరాల్లో కట్టారు, 2008 మార్చిలో తెరిచారు, నేనూ ఎక్కాను, మీరూ ఎక్కారు. నా కోపం రన్‌వే మీద కాదు. రన్‌వే వచ్చిందని చెరువు కనిపించడం మానేసిన కళ్ల మీద. విమానాశ్రయం కట్టినచోట చెరువు ఉండకూడదని ఎవరు చెప్పారు? అభివృద్ధి కావాలంటే 9 మీటర్ల అంచు మింగాల్సిందేనని ఏ ఇంజనీరు లెక్కగట్టాడు?

1996లో జీవో 111 తెచ్చారు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల చుట్టూ 84 ఊళ్లలో కట్టడాలకు హద్దులు పెట్టారు. శంషాబాద్ మండలం ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు తొలగిస్తున్నామన్నారు. ఆ రోజు ఈ ప్రాంతంలో చాలామంది మిఠాయిలు పంచుకున్నారు. రైతుకు ధర వస్తుందని సంబరపడితే తప్పు పట్టను. నగరంలో కూర్చుని, అక్కడ ఫామ్‌హౌస్ ఎప్పుడు కొనొచ్చా అని లెక్కలు వేసుకున్న మీ మాటేమిటి? ఆ లెక్కలో చెరువుకు ఎన్ని గజాలు రాసుకున్నారు?

"మనుషులకే దిక్కు లేదు, కప్పలకా?"

వచ్చేసింది. ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను.

మనుషుల గురించే మాట్లాడదాం రండి. 2020 అక్టోబర్ 13 రాత్రి గుర్తుందా? గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగింది. బెంగళూరు హైవే మీద వరద పారింది. వాహనాలు కొట్టుకుపోయాయి. ప్రాణాలు పోయాయి. అదే రాత్రి పల్లె చెరువు తెగింది. నాలుగు రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు తెగింది. పాతబస్తీ కాలనీలు మునిగాయి. జల్‌పల్లిలోని ఉస్మాన్‌నగర్‌ను బురాన్‌ఖాన్ చెరువు ముంచింది. వాన వెలిసింది. పండుగలు వెళ్లాయి. ఉస్మాన్‌నగర్‌లో నీళ్లు పోలేదు. నెలల తరబడి ఇళ్లు నీళ్లలోనే నిలబడ్డాయి.

అక్కడ ఇల్లు కొన్నది ఎవరు? కోటీశ్వరులా? ఆటో నడిపేవాళ్లు, చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్లు. రూపాయి రూపాయి కూడబెట్టి ప్లాటు కొన్నారు. అది చెరువని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు సంతకాలు పెడుతూ కూర్చున్నారు.

కప్ప గూడు కట్టే అంచును అమ్మినవాడే ఆ పేదవాడికి వరదను అమ్మాడు. ఇద్దరినీ ముంచింది ఒకే దస్తావేజు. ఇంకా కప్ప వేరు, మనిషి వేరు అంటారా?

ఏ చెరువు అంచున కప్ప బతకగలదో ఆ చెరువు వరదను ఓర్చుకోగలదు. అంచు ఉంటే నీళ్లకు పరుచుకోవడానికి చోటుంటుంది. అంచు పోతే నీళ్లు మీ హాల్లోకి వస్తాయి. ఇందులో అర్థం కానిది ఏముంది?

దోమల సంగతి కూడా వినండి. కోస్టారికా, పనామా దేశాల్లో ఒక శిలీంధ్ర జబ్బు వచ్చి కప్పలు కుప్పలుగా చచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు అక్కడ మలేరియా పెరిగిందని 2022లో ఒక పరిశోధన లెక్కలతో సహా చూపించింది. తోకకప్పలు, కప్పలు పోతే దోమలకు పండగే. మన దేశానికి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కప్ప కాళ్లను విదేశాలకు ఎగుమతి చేసి డబ్బు చేసుకున్న దేశం, పొలాల్లో పురుగుల్ని తినేవాళ్లు లేకుండా పోతున్నారని గోల పెరిగాక 1987లో ఆ ఎగుమతిని నిషేధించింది. దాదాపు 40 ఏళ్ల కింద అర్థమైన సంగతి ఇప్పుడు మర్చిపోయారా? డెంగీ వార్డు నిండితే ఆస్పత్రిని తిడతారు. చెరువు అంచున కొమ్మ నరికినప్పుడు ఎవర్ని తిట్టారు?

"ఎన్నో కోట్ల కప్పలుంటాయి లెండి."

రాబందుల గురించి కూడా ఇదే అన్నారు.

అవును, అదే మాట. 1980లలో ఊరి బయట పశువు కళేబరం పడితే ఆకాశం నల్లబడేది. లెక్కపెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు ఆ కళేబరాల్లో చేరి రాబందుల కిడ్నీలను నాశనం చేసింది. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు మన దేశంలో 99.9 శాతం తగ్గిపోయాయి. 2000లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న వరసలోకి మార్చారు. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయి. అప్పటికే ఇల్లు ఖాళీ.

మీ పిల్లలు రాబందును చూశారా? మీ ఊరి మీద? ఒక్కసారి?

మామూలుగా ఉన్నదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టరు కాబట్టి తగ్గుతున్నట్టు తెలియదు. తెలిసేసరికి కాపాడటానికి ఏమీ మిగలదు. జల్‌పల్లి చెరువు అంచున పదేళ్ల కింద ఎన్ని నురుగు గూళ్లుండేవి? ఇప్పుడెన్ని? మీ దగ్గర లెక్క ఉందా? మరి "కోట్లలో ఉంటాయి" అని ఏ ధైర్యంతో అన్నారు?

మొత్తం ప్రపంచం లెక్క మాత్రం ఉంది. 2023 అక్టోబర్‌లో నేచర్ పత్రికలో వచ్చింది. 8,011 ఉభయచర జాతుల్ని పరిశీలించారు. వాటిలో 40.7 శాతం ముప్పులో ఉన్నాయి. పక్షుల కన్నా, క్షీరదాల కన్నా, పాముల కన్నా, బల్లుల కన్నా ఎక్కువ ముప్పు వీటికే. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత దారుణంగా ఉన్న వర్గం వేరే లేదు. అడవుల నరికివేత, చిత్తడి నేలల పూడ్చివేత, జబ్బులు, పైన ఎండల తీవ్రత. కప్ప చర్మంతోనూ ఊపిరి తీస్తుంది. నీళ్లలో మీరు కలిపే విషం ముందు దాని ఒంట్లోకే పోతుంది. తర్వాత మీ బోరు నీళ్లలోకి.

ఇంత పెద్ద లెక్క వచ్చిన రోజు మీ పేపర్లో మొదటి పేజీలో ఏముందో గుర్తుందా?

మీకు కదలడం చేతకాదని నేను అనను. అదే ఇంకా మండిస్తోంది. 2025లో కంచ గచ్చిబౌలి అడవిలో చెట్లు కొట్టడానికి బుల్డోజర్లు దిగినప్పుడు కదిలారు. నెమళ్లు అరుస్తున్న వీడియో పంపుకున్నారు. జింకల బొమ్మలు పెట్టుకున్నారు. విద్యార్థులు లాఠీలు తిన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆగింది. అంటే అరిస్తే ఆగుతుంది! మీకు తెలుసు!

మరి జల్‌పల్లికి ఎందుకు అరవలేదు?

నెమలికి పురి ఉంది. జింకకు కళ్లున్నాయి. కప్పకు ఏముంది? బంకచర్మం. పెద్ద నోరు. ఫోటోలో అందంగా రాదు. అందుకేనా? అందం లేనివాళ్లకు చెరువులో హక్కు లేదా? అందం చూసి జాలిపడటం ప్రేమ ఎలా అవుతుందో నాకు చెప్పండి.

ఇంకో కారణం కూడా ఉంది. గచ్చిబౌలి పక్కన ఐటీ ఆఫీసులున్నాయి, యూనివర్సిటీ ఉంది, కెమెరాలు ఉన్నాయి. జల్‌పల్లి, షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ చెరువుల పక్కన ఉండేది పేదజనం. వాళ్ల చెరువు చచ్చినా వార్త కాదు. వాళ్ల కప్ప చచ్చినా వార్త కాదు. వాళ్ల ఇల్లు మునిగితే రెండు రోజుల వార్త. ఒప్పుకోండి.

వానలు కురవకపోతే మాత్రం కప్ప గుర్తొస్తుంది మనకు. తెలంగాణ పల్లెల్లో రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకుంటారు. కప్పలకు పెళ్లిళ్లు చేస్తారు. కప్పతల్లి అని మొక్కుతారు. తల్లీ అని పిలిచినవాళ్లే ఆ తల్లి ఉండే చెరువును ప్లాట్లు చేసి అమ్ముకుంటే, ఏ వానకోసం మళ్లీ ఏ ముఖం పెట్టుకుని రోకలి ఎత్తుతారు? ఎత్తడానికి కప్ప దొరకాలి కదా?

"సరే, నన్నేం చేయమంటారు? నేనొక్కణ్ణి ఏం చేయగలను?"

ఈ ప్రశ్న నిజంగా అడుగుతున్నారా, తప్పించుకోవడానికి అడుగుతున్నారా?

నిజంగా అడిగితే చెప్తాను. పెద్ద త్యాగాలేమీ అక్కర్లేదు. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మీ ప్లాటు ధర రోజూ చూసుకునే ఫోనులోనే మీ చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు ఒకసారి చూడండి. హద్దు దాటి మట్టి పడితే లారీ నంబరుతో ఫోటో తీయండి. 2024లో చెరువుల ఆక్రమణల మీద హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి చెరువులన్నీ దాని బాధ్యతే. ఫిర్యాదు రాసివ్వండి. ఒక్కరే వెళ్లకండి, కాలనీ అంతా వెళ్లండి. ఇల్లు కూల్చాల్సి వస్తే పేదవాడికి చోటు చూపించాకే కూల్చమని అదే కాగితంలో రాయండి. అమ్మినవాడి పేరు, అనుమతి ఇచ్చినవాడి హోదా కూడా రాయమని అడగండి. మీ చెరువుకు సుందరీకరణ నిధులు వచ్చాయంటే చప్పట్లు కొట్టకముందు ఒక్క ప్రశ్న వేయండి: అంచున తుంగ ఉంచుతారా, గోడ కడతారా? వానాకాలంలో కట్ట మీద చెట్లు నరకనివ్వకండి. నీటి మీదికి వంగిన కొమ్మకు తెల్లటి నురుగు ముద్ద కనిపిస్తే కర్రతో పొడవకండి. అందులో వందల ప్రాణాలున్నాయి. బాత్‌రూంలో కప్ప కనిపిస్తే ఫినాయిల్ పోయకండి. అది మీకు ఏ హానీ చేయదు. తలుపు తీయండి, చాలు.

నికోబార్ కప్ప కోసం కూడా నోరు తెరవండి. సముద్రం అడ్డం వచ్చిందని మౌనంగా ఉండకండి. మన ఎంపీలు ఓట్లు అడగడానికి వస్తారు. గ్రేట్ నికోబార్ అడవికి బదులు హర్యానాలో మొక్కలు నాటడం మీకు సమ్మతమేనా అని అడగండి. నీళ్లు నములుతారు. నమలనివ్వండి. కనీసం ఎవరో అడిగారని తెలుస్తుంది.

ఇవేవీ చేయలేనంటారా? అయితే ఇకనుంచి "ముప్పు లేదని జాబితాలో రాశారు" అన్న మాట మాత్రం అనకండి. ముప్పు ఉందని రాసినదాని అడవి పోతుంటే మీరేం చేశారో చూశాం. జాబితాను అడ్డం పెట్టుకుని దాక్కోవడం ఇక చెల్లదు.

ఒక కప్ప ఎక్కువ ఉందని చంపుతున్నారు. ఒక కప్ప తక్కువ ఉన్నా చంపుతున్నారు. ఎర్ర జాబితాలో ఏ మెట్టు ఎక్కినా వాటిని కాపాడేది జాబితా కాదు, చెరువు అంచు, దీవి అడవి. జల్‌పల్లిలో ఆ అంచు కప్పకు మీరు దానమివ్వాల్సింది కాదు. 2012 నుంచి జీవోలో రాసి ఉన్నదే. 30 మీటర్లు. 9 మీటర్లు. దాన్ని దోచుకున్నవాళ్లు కొందరే. దోచుకుంటుంటే చూసి ఊరుకున్నది మాత్రం మనందరం. వచ్చే వానాకాలం లోపు మీ చెరువు దగ్గరికి వెళ్లి ఆ మీటర్లు కొలవండి. తక్కువొస్తే ఎవరు తిన్నారో అడగండి.

అడగకపోతే, తిన్నవాళ్ల లెక్కలో మీ పేరు కూడా రాసుకోండి.